బట్టమేక పోయింది, బీడూ పోతోంది

మన కళ్ల ముందే ఒక పక్షి మన నేల మీంచి తుడిచిపెట్టుకుపోయింది. ఎవరి కుర్చీ కదల్లేదు. ఎవరికీ మెమో అందలేదు. జవాబు చెప్పాల్సినవాళ్లను నిలబెట్టి అడిగినవాళ్లూ లేరు.

అప్పటి కర్నూలు, ఇప్పటి నంద్యాల జిల్లా. మిడుతూరు మండలం, రోళ్లపాడు. బట్టమేక పిట్ట కోసం 1988లో అక్కడ అభయారణ్యం ప్రకటించారు. విస్తీర్ణం 6.14 చదరపు కిలోమీటర్లు, అంటే పదిహేను వందల ఎకరాల చిల్లర. అభయారణ్యం కాగితాల మీద నేటికీ పదిలంగా ఉంది. ఏళ్లు గడిచాయి, పిట్ట జాడ మాత్రం లేదు. దేశం మొత్తం మీద మిగిలినవి 150 లోపే, వాటిలోనూ దాదాపు అన్నీ రాజస్థాన్ ఎడారిలో. ఒకప్పుడు రోళ్లపాడు చుట్టుపక్కల పొలాల్లో పదుల సంఖ్యలో తిరిగిన పక్షి ఇది. పంతొమ్మిది వందల ఎనభైల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ నుంచి అసద్ రహ్మానీ, రంజిత్ మనకడన్ లాంటి శాస్త్రవేత్తలు ఇక్కడికొచ్చి మకాం వేసి మరీ దాన్ని చదివారు. ఏం కావాలో రాసిపెట్టారు. చదవాల్సినవాళ్లు చదవలేదు.

బట్టమేకను చూడనివాళ్లకు దాని స్వరూపం చెప్పాలి. మీటరు ఎత్తు ఉంటుంది. మగది పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఇంత బరువుతో రెక్కలు కొట్టుకుని గాల్లోకి లేచే పక్షులు ప్రపంచంలోనే బహు కొద్ది. తొలకరి పడి గడ్డి పచ్చబడ్డాక మగపక్షి నలుగురికీ కనిపించే మిట్ట చూసుకుని నిలబడుతుంది. తోక విసనకర్రలా విప్పి వీపు మీదికి ఎత్తుతుంది. మెడ కింద తెల్లటి సంచిని గాలితో నింపుకుని మోకాళ్ల దాకా వేలాడేసి, కడుపులోంచి వచ్చినట్టు ఒక బొంగురు కూత కూస్తుంది. ఆ కూత చేలు దాటి దూరంగా వినిపిస్తుంది. ఆడపక్షి గూడు కట్టదు. వట్టి నేల మీద, గడ్డి దుబ్బు చాటున, ఏడాదికి సాధారణంగా ఒకే గుడ్డు పెడుతుంది. ఆ ఒక్క గుడ్డూ ట్రాక్టరు చక్రం కింద పడితే ఆ ఏటికి ఇక పిల్ల దక్కడం కష్టమే.

అసలు విషయం ఇక్కడే ఉంది. ఈ పక్షికి అడవి అక్కర్లేదు. చెట్లు దట్టంగా ఉన్నచోట నిలవదు. నాలుగు వైపులా చూపు ఆనేంత బయలు కావాలి. కొంత పొట్టి గడ్డి, కొంత ఎత్తు గడ్డి, మధ్యమధ్య జొన్న, కొర్ర, వేరుశనగ, శనగ చేలు, గొర్రెలూ పశువులూ మేసిపోయే బీళ్లు. మన సీమ రైతు వర్షాధారంగా తరతరాలు చేసుకొచ్చిన సేద్యమే దాని ఇల్లు. మిడతల్ని, పురుగుల్ని, తొండల్ని ఏరుకుని తింటుంది, రాలిన గింజ తింటుంది. ప్రభుత్వం కంచె వేసుకుంది పదిహేను వందల ఎకరాలకు. పిట్ట బతికింది ఆ కంచె అవతల, చుట్టుపక్కల ఊళ్ల పట్టా పొలాల మీద. ఎవరి పొలాల మీద బతికిందో ఆ రైతుతో ఎవరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. ముప్పై అయిదేళ్లకు పైబడిన ఈ కథ అంతా ఇదే. నా కోపం కూడా దీని మీదే.

కాలువ నీళ్లు వచ్చాయి, బోర్లు పడ్డాయి. నీళ్లు వద్దనే నోరు సీమలో ఎవరికీ లేదు, నాకూ లేదు. కరువులో పశువుల్ని కబేళాకు తోలిన జిల్లా ఇది. నీళ్లొచ్చాక జొన్న, కొర్ర పోయి పత్తి, మిరప, మొక్కజొన్న వచ్చాయి. వాటితో మందుల పిచికారీ వచ్చింది, మిడత పోయింది. బీడు దున్నేశారు. కరెంటు తీగలు లాగారు. బట్టమేకకు కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి, సూటిగా ముందుకు సరిగ్గా కనపడదు, బరువు మీద చటుక్కున పక్కకు తిరగలేదు, తీగకు కొట్టుకుని చస్తుంది. ఈ ముక్క రాజస్థాన్‌లో శవాలు ఏరాక సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2021లో తీగల్ని భూమి లోపల వేయమని కోర్టు ఆదేశించింది, 2024లో ఆ ఆదేశాన్ని సడలించి కమిటీ వేసింది. అక్కడ కనీసం వాదించుకోవడానికి పిట్ట మిగిలింది.

అటు రోళ్లపాడు కంచె లోపల కృష్ణజింకలు పెరిగాయి. అవి మన రాష్ట్ర జంతువు, పెరగడం సంతోషమే. కానీ జింకకు కంచె తెలియదు. సాయంత్రమయ్యేసరికి మందలు మందలుగా శనగచేల మీద పడతాయి. ఆ ఊళ్లలో పైరు ఏపుగా ఉన్న రోజుల్లో రాత్రిపూట ఎవరూ ఇంట్లో పడుకోరు. చేతిలో టార్చి, పక్కన కొట్టడానికి రేకు డబ్బా, చలికి దుప్పటి. డబ్బా మోగితే మంద గట్టు దాటుతుంది, ఆగితే మళ్లీ వస్తుంది. తెల్లారి చూస్తే మొలకలు కొసలు కొరికేసి ఉంటాయి, సాళ్ల నిండా గిట్టల గుర్తులు. "జింకను మేం ముట్టుకుంటే జైలు సార్. మా చేనును జింక ముట్టుకుంటే ఎవురిని అడగల్ల?" అని అక్కడి రైతు అడిగితే జవాబు చెప్పగల అధికారి ఒక్కడున్నాడా? వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కృష్ణజింక లాంటి షెడ్యూల్ 1 జంతువును చంపితే మూడేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. సరే, ఉండాలి. మరి ఆ జంతువును తన పైరుతో మేపుతున్నవాడికి ఏముంది? నష్టపరిహారం అనే మాట ఉంది. దాని కోసం ఫోటోలు, అర్జీలు, పంచనామా, వీఆర్వో సంతకం, రేంజి ఆఫీసు గుమ్మం. వచ్చేది తిరిగిన చార్జీలకు సరిపోతే గొప్ప. ఈ జింకల వల్ల జరిగే పంట నష్టం గురించి రహ్మానీ, మనకడన్ 1998లోనే వ్యాసం ప్రచురించారు. ఒక తరం గడిచిపోయింది. రైతు ఇంకా డబ్బా కొడుతూనే ఉన్నాడు.

పక్షిని ఇష్టపడిన ఊరికి పక్షి పేరు చెబితేనే ఒళ్లు మండేలా చేసిన ఘనత మన పాలకులది. ఇది ఒక్క రోళ్లపాడులోనే జరగలేదు. మధ్యప్రదేశ్‌లో శివపురి జిల్లా కరేరా ఉంది. 1981లో బట్టమేక కోసమే అక్కడ 202 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అన్నారు. అందులో ఊళ్లకు ఊళ్లు, పట్టా భూములు. ఆ రోజు నుంచి దశాబ్దాల పాటు అక్కడి రైతు తన భూమి తాను అమ్ముకోలేకపోయాడు. కూతురి పెళ్లికి ఎకరం అమ్ముదామన్నా రిజిస్ట్రేషన్ అయ్యేది కాదు. చేతికి పైసా ఇచ్చింది లేదు, భూమికి మాత్రం తాళం వేశారు. జనం పిట్ట మీద కక్ష పెంచుకున్నారు. తొంభైల నడిమికి కరేరాలో బట్టమేక అంతరించింది. మహారాష్ట్రలో నాన్నజ్ దగ్గర ఇంకా ఘోరం. 8,496 చదరపు కిలోమీటర్లు గీత గీసి అభయారణ్యం అన్నారు, పట్నాలూ మార్కెట్ యార్డులూ అందులోనే కలిపేశారు. జనం మొత్తుకుంటే చివరికి 1,222కు కుదించారు. ఒకచోట ఊరంతా బందీ, ఇంకోచోట అగ్గిపెట్టంత కంచె, అవతల ఎవరిష్టం వాళ్లది. రెండు పద్ధతుల్లోనూ భూమి ఉన్న కుటుంబానికి చేతిలో పెట్టింది సున్నా. రెండుచోట్లా పిట్ట ఓడిపోయింది.

మూడో దారి లేదా? ఉంది. అమెరికాలో పశువుల రాంచ్‌లు నడుపుకునే కుటుంబాలు దాన్ని దశాబ్దాలుగా వాడుకుంటున్నాయి. కన్సర్వేషన్ ఈజ్‌మెంట్ అంటారు. భూమి రైతు పేరు మీదే ఉంటుంది. పశువుల్ని మేపుకుంటాడు, గడ్డి కోసుకుంటాడు, అమ్ముకుంటాడు, పిల్లలకు రాసిస్తాడు. రెండు హక్కులు మాత్రం వదులుకుంటాడు: ఆ నేలను ప్లాట్లు వేసి ముక్కలు చేసే హక్కు, మేత భూమిని ఇంకోటిగా మార్చే హక్కు. ఆ ఒప్పందాన్ని ఒక ల్యాండ్ ట్రస్టుకో ప్రభుత్వ సంస్థకో రిజిస్టరు చేసి ఇస్తాడు. రేపు ఆ భూమి ఎవరు కొన్నా ఒప్పందం భూమితోనే పోతుంది. వదులుకున్న హక్కులకు విలువ కడతారు. 1980 నుంచి వాళ్ల పన్ను చట్టంలో దానికి పన్ను మినహాయింపు ఉంది. 2014 నుంచి ఫార్మ్ బిల్లు కింద వ్యవసాయ శాఖ డబ్బిచ్చే పథకమూ ఉంది. ఆరిజోనా, న్యూమెక్సికో సరిహద్దులో పశువుల రైతులు 1994లో మాల్పై బోర్డర్‌ల్యాండ్స్ గ్రూప్ అని తామే సంఘం పెట్టుకున్నారు. కరువొచ్చి ఎవరి మేత తగ్గినా ఆ రైతు పశువుల్ని పక్క పెద్ద రాంచ్‌లో మేపుకోవచ్చు, బదులుగా తన భూమి మీద ఈజ్‌మెంట్ రాసిస్తాడు. డబ్బుకు బదులు గడ్డి! ఆ ఏర్పాటుకు గ్రాస్‌బ్యాంకు అని పేరు పెట్టుకున్నారు. పశువు, రైతు, అడవి జంతువు ముగ్గురికీ ఒకే గడ్డి అని తెలిసినవాళ్లు పెట్టుకున్న ఏర్పాటు అది.

అక్కడ మోసం జరగలేదని అనను, జరిగింది. భూమి విలువ ఎక్కువ చేసి చూపించి పన్ను ఎగ్గొట్టడానికి పెట్టుబడిదారులు గుంపులు కట్టారు. 2022లో వాళ్ల కాంగ్రెస్ చట్టం తెచ్చి ముకుతాడు వేసింది. దొంగ దొరికితే దొంగను పట్టుకున్నారు, పద్ధతిని పారేయలేదు.

ఇక మన సంగతి. వ్యవసాయ భూమిని వ్యవసాయేతరం చేసుకోవడానికి మన దగ్గర దారి ఉంది, ఫీజు ఉంది, ఆ పని చేసిపెట్టే బ్రోకర్లు ప్రతి మండల కేంద్రంలో ఉన్నారు. నా పొలం ఎప్పటికీ పొలంగానే, నా బీడు ఎప్పటికీ బీడుగానే ఉండాలి అని ఒక రైతు రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్తే రాయించుకోవడానికి కాగితం లేదు. మన ఈజ్‌మెంట్ల చట్టం 1882 నాటిది. పక్క చేనుకు దారి, నీటి కాలువ, వెలుతురు, గాలి, ఇంతవరకే దానికి తెలుసు. ఒక భూమికి పక్క భూమితో ఉన్న సంబంధమే దానికి కావాలి. పిట్టకు పట్టా లేదు కాబట్టి ఆ చట్టంలో పిట్టకు చోటు లేదు. కొడుక్కి దానంగా రాసిస్తూ "అమ్మకూడదు" అని తండ్రి ఒక వాక్యం రాసినా, ఆస్తి బదిలీ చట్టం 10వ సెక్షన్ ముందు ఆ వాక్యం చెల్లదు. తాత కాపాడుకున్న పదెకరాలు అన్నదమ్ముల వాటాలయ్యేసరికి ఒకరు హైదరాబాదులో, ఒకరు టెక్సస్‌లో. ఫోన్లోనే బేరం కుదురుతుంది. మూడో నెలకల్లా హద్దురాళ్లకు పచ్చరంగు, గేటుకు ఆర్చి. పొలం పొలంగానే ఉండాలన్నవాడికి చట్టం తోడు రాలేదు.

చట్టం బొత్తిగా లేదని కూడా అనలేం. అదే ఇంకా బాధ. 2002లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి కమ్యూనిటీ రిజర్వు అనే ఏర్పాటు పెట్టారు. ప్రైవేటు భూమి ఉన్న వ్యక్తి గాని, ఊరు గాని స్వచ్ఛందంగా ముందుకొస్తే ఆ భూమిని రిజర్వుగా ప్రకటించవచ్చు. భూమి వాళ్లదే, కమిటీలో వాళ్లూ ఉంటారు. ప్రకటించాక భూమి వాడకం మార్చాలంటే కమిటీ తీర్మానం, ప్రభుత్వ అనుమతి కావాలి. ఈజ్‌మెంటుకు అంగుళం దూరంలో ఉన్న సెక్షన్ ఇది. అంతా రాశారు. ఇలా ముందుకొచ్చినవాడికి రూపాయి ఇవ్వాలని మాత్రం రాయలేదు. అప్పులో ఉన్న రైతును పట్టుకుని, నీ భూమి విలువలో సగం వదులుకో, ఊరికే వదులుకో, పుణ్యం వస్తుంది అని చెప్పే ధైర్యం ఢిల్లీలో కూర్చుని చట్టం రాసినవాళ్లకు ఎలా వచ్చింది? వాళ్లలో ఒక్కరైనా తమ ఇంటి స్థలం అలా వదులుకుంటారా?

డబ్బు లేదని మాత్రం నా దగ్గర ఎవరూ అనొద్దు. అడవులు నరికినందుకు ప్రాజెక్టుల దగ్గర వసూలు చేసిన కాంపా సొమ్ము ఉంది. 2019 ఆగస్టులో కేంద్రం అందులోంచి 47 వేల కోట్ల రూపాయలకు పైగా రాష్ట్రాలకు బదిలీ చేసింది. ఆంధ్రప్రదేశ్ వాటా 1,734 కోట్లు. ఇప్పుడు లెక్క వేద్దాం. రోళ్లపాడు చుట్టూ 5,000 ఎకరాల రైతులతో ఒప్పందం చేసుకుని, బీడు దున్నకుండా, జొన్న కొర్ర వదలకుండా, గుడ్డు పెట్టే నెలల్లో ట్రాక్టరు దించకుండా ఉన్నందుకు ఏటా ఎకరానికి కౌలు కింద 15 వేలు ఇచ్చారనుకుందాం. ఏడాదికి ఏడున్నర కోట్లు. 1,734 కోట్ల ముందు ఏడున్నర కోట్లు! జింక తిన్న పైరుకు వేరుగా ఇంకో రెండు కోట్లు వేసుకోండి. ఒక ఫ్లైఓవరు పునాదులకు చాలని డబ్బు. ఈ లెక్క వేయడానికి ఐఏఎస్ చదవక్కర్లేదు, అయిదో తరగతి పిల్లవాడు వేస్తాడు. వేయాలన్న మనసు ఎవరికీ పుట్టలేదు.

ఆ సొమ్ముతో ఏం చేస్తారో తెలుసా? చెట్లు నాటుతారు. ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ. గడ్డినేల వాళ్ల కళ్లకు ఖాళీ. అడవి పోయినచోట పోయింది, దానికి ప్రాయశ్చిత్తంగా గడ్డినేల మీద గుంతలు తవ్వి సుబాబుల్, గ్లిరిసిడియా పెట్టి, పక్కన బోర్డు నిలబెట్టి ఫోటో దిగుతారు. బయలు నేల కావాల్సిన పక్షికి అది రెండో చావు. దీని వెనక ఒక పుస్తకమూ ఉంది. మన హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం తయారుచేసే వేస్ట్‌ల్యాండ్స్ అట్లాస్. పొదలున్న మెట్టనేల, మేతకు వాడే నేలల్లో కొన్ని అందులో బంజరు ఖాతాలోకి వెళ్తాయి. ఒక్కసారి బంజరు అని ముద్ర పడితే ఇక అది ఎవరికైనా ఇచ్చేయదగ్గ సరుకు. ఓర్వకల్లు దగ్గర గని, శకునాల గ్రామాల్లో 2017లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. సూర్యుడి కరెంటు దేశానికి కావాలి, దాంట్లో వాదన లేదు. కాని ఆ పలకల కింద పడ్డ నేలలో ఎవరి గొర్రెలు మేసేవి, ఏ తోడేలు పిల్లలు పెట్టేది, ఏ పిట్ట తిరిగేది అని ముందుగా అడగడానికి ఒక కాలమ్ కూడా ఆ ఫారాల్లో లేకపోవడం దారుణం. ఇళ్ల కప్పులూ కాలువ గట్లూ ఫ్యాక్టరీ షెడ్లూ ముందు నింపి, తర్వాత కదా బీడు వైపు చూడాలి.

గొర్రెల కాపరి సంగతి ఎవరూ ఎత్తరు. బీళ్లు పోతే మొదట రోడ్డున పడేది వాడు. మేత కోసం ఏటా మందను తోలుకుని జిల్లాలు దాటుతాడు. కోసిన చేలో మందను ఒక రాత్రి పడుకోబెడితే ఎరువుకు బదులు రైతు గింజలిచ్చే రోజులుండేవి. పచ్చికే ఆస్తిగా బతికిన మనిషికి ఆ పచ్చిక మీద కాగితం హక్కు ఒక్కటీ లేదు. పక్షి కోసం కంచె వేసినప్పుడు గెంటింది వాణ్నే, ప్లాట్ల కోసం కంచె వేసినప్పుడూ వాణ్నే. రేపు ఒప్పందాలంటూ వస్తే పట్టాదారు ఒక్కడితోనే కాదు, ఈ కాపరితో కూడా రాసుకోవాలి. మేపే నెలలూ ఆపే నెలలూ ఎవరికన్నా వాడికే బాగా తెలుసు.

కోపం ప్రభుత్వం మీద ఒక్కటే కాదు. పులి కనిపించకపోతే దేశమంతా కంగారు పడుతుంది. పత్రికలు పేజీలు ఇస్తాయి. బట్టమేక పోతే జిల్లా ఎడిషన్‌లో నాలుగు వరుసలు. పిల్లల్ని జూకు తీసుకెళ్లే మనం, ఆఫ్రికా గడ్డిమైదానాల సినిమాలు కళ్లార్పకుండా చూసే మనం, కర్నూలు నుంచి గంటన్నర ప్రయాణంలో మనకూ అలాంటి నేల ఒకటుందని పిల్లలకు చెప్పలేదు. సాలిం అలీ అంతటివాడు దీన్ని జాతీయ పక్షి చేయమని కోరాడు, 1963లో నెమలికి ఆ గౌరవం దక్కింది. నెమలి మీద నాకు కోపం లేదు. కాని జాతీయ పక్షి కాగల అర్హత ఉందనిపించుకున్న పిట్ట మన జిల్లాలో చచ్చిపోతుంటే, నంద్యాల లాడ్జీలో దిగి ఎకరం రేటు ఎంత అని అడిగినవాళ్లే ఎక్కువ. "ఒక పిట్ట కోసం అభివృద్ధి ఆపుతారా?" అని అడిగేవాళ్లకు ఒకటే మాట. రోళ్లపాడు రైతుకు మీరు చేసిన అభివృద్ధి ఏమిటో చూపించండి. పిట్ట పోయింది కదా, దాని వల్ల ఆ రైతుకు చేరిన రూపాయి ఎక్కడ?

అన్నీ పోలేదు. అక్కడ కృష్ణజింక ఉంది. తోడేలు ఉంది. చలికాలం వస్తే మధ్య ఆసియా నుంచి పిల్లిగద్దలు ఇంకా వస్తాయి, పొద్దుగూకే వేళ గడ్డిలోకి దిగి నేల మీదే పడుకుంటాయి. పగలంతా చేల మీద ఎగురుతూ మిడతల్నీ ఎలుకల్నీ పట్టి రైతుకు కూలి అడగని సాయం చేస్తాయి. ఆ గడ్డి కూడా ప్లాట్లయితే అవి దిగడానికి చోటుండదు. అప్పుడు కూడా ఎవరి కుర్చీ కదలదని నాకు తెలుసు, అందుకే ఇప్పుడే అరుస్తున్నాను.

అటవీ శాఖ మంత్రిగారూ, కలెక్టరుగారూ, ఇంకో సర్వే అక్కర్లేదు, ఇంకో కమిటీ అక్కర్లేదు. అభయారణ్యం చుట్టూ ఇప్పటికీ బీడు మిగిలిన పట్టాదారుల జాబితా తహసీల్దారు ఆఫీసులో ఉంది. వాళ్లను గ్రామసభకు పిలవండి. కాపరుల్నీ పిలవండి. కమ్యూనిటీ రిజర్వు సెక్షన్ కింద పది, ఇరవై, ముప్పై ఏళ్ల ఒప్పందం రాయండి, కౌలు ఎంతో వాళ్లనే చెప్పమనండి, జింక నష్టం పంట కోతకు ముందే బ్యాంకు ఖాతాలో వేస్తామని అందులోనే రాయండి. కాంపా నిధుల నుంచి మొదటి ఏడాది సొమ్ము ముందే జమ చేయండి, ఎందుకంటే మీ మాట మీద ఆ ఊళ్లకు నమ్మకం లేదు, ఉండాల్సిన పనీ లేదు. ఒప్పుకోనివాణ్ని వదిలేయండి. ఒప్పుకున్నవాణ్ని ఆఫీసుల చుట్టూ తిప్పకండి. వచ్చే తొలకరిలోపు ఇది మొదలు కాకపోతే, ఆ అభయారణ్యం బోర్డు మీంచి బట్టమేక పేరు తీసేసి, తీసేసినవాళ్ల పేర్లు అక్కడ రాయించండి. మా పిల్లలు అడిగితే చూపిస్తాం.